దూరం కొలిచే కెమెరా, బొమ్మ చూపించే కెమెరా: రేంజ్‌ఫైండర్, డీఎస్ఎల్ఆర్‌లలో ఏది ఎవరికి

రేంజ్‌ఫైండర్ కెమెరాని లెన్స్ మూత తియ్యకుండా కంటికి పెట్టుకున్నా ఎదురుగా ఉన్న వీధి, మనుషులు, ఎండ అన్నీ మామూలుగానే కనిపిస్తాయి, ఫ్రేమ్ గీతలు కూడా కనిపిస్తాయి, బటన్ నొక్కితే షట్టర్ కూడా పడుతుంది, ఫిల్మ్ మీద మాత్రం ఏమీ పడదు. లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరా డీఎస్ఎల్ఆర్‌లో మూత తియ్యకపోతే వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) అంతా చీకటి. ఈ రెండు కెమెరాల మధ్య చెప్పుకునే తేడాలు చాలావరకు ఈ ఒక్క సంగతిలోంచే పుడతాయి: ఒకదాంట్లో కన్ను లెన్స్ లోంచి చూడదు, రెండోదాంట్లో లెన్స్ లోంచే చూస్తుంది.

ఇప్పుడు ఈ టాపిక్ మీద గందరగోళం ఎక్కువైంది. ఫుజీ ఎక్స్100 లాంటి కెమెరాల్ని చాలామంది రేంజ్‌ఫైండర్ అనేస్తున్నారు, ఆకారం అలా ఉంటుంది గానీ లోపల ఆ మెకానిజం ఉండదు. కానన్, నికాన్ 2020లో 1డీ ఎక్స్ మార్క్ 3, డీ6 తెచ్చాక ఆ స్థాయి డీఎస్ఎల్ఆర్ మళ్ళీ తేలేదు, దాంతో డీఎస్ఎల్ఆర్ కొనడమే తప్పేమో అని కొత్తవాళ్ళు భయపడుతున్నారు. ఇక 2025 అక్టోబర్‌లో లైకా వాళ్ళు ఎం ఈవీ1 అని ఒక మోడల్ తెచ్చారు, రేంజ్‌ఫైండర్‌కి పేరుపడ్డ వాళ్ళ ఎం సిరీస్ బాడీలోనే రేంజ్‌ఫైండర్ తీసేసి ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ పెట్టారు. మరి రేంజ్‌ఫైండర్ అంటే ఏంటి, ఆ పేరుకి ఇంకా అర్థం ఉందా అనే ప్రశ్న అక్కడ మొదలైంది.

క్లుప్తంగా

రేంజ్‌ఫైండర్ దూరం కొలుస్తుంది, డీఎస్ఎల్ఆర్ లెన్స్ వేసే బొమ్మని చూపిస్తుంది. 28 నుంచి 50 ఎం.ఎం. లెన్సులతో (ఈ అంకె చిన్నదైతే లెన్స్ వెడల్పుగా చూస్తుంది, పెద్దదైతే దూరంగా ఉన్నవి దగ్గరగా చూపిస్తుంది), మనుషులకి దగ్గరగా తీసే ఫోటోలకి మొదటిది బాగా సరిపోతుంది. పెళ్ళిళ్ళు, పక్షులు, ఆటలు, క్లోజప్పులకి రెండోదే దారి. ఫోటో క్వాలిటీ చూసి వీటి మధ్య ఎంచుకోవడం వల్ల ఉపయోగం లేదు, ఏం తీస్తారు, ఎంత దూరం నుంచి తీస్తారు అన్నదే తేలుస్తుంది. డబ్బు సంగతికొస్తే సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ ఇప్పుడు చాలా చవక, డిజిటల్ రేంజ్‌ఫైండర్ ఇప్పటికీ చాలా ఖరీదు.

లోపల జరిగేది ఏంటి

చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి ఒక కన్ను మూసి చూసి, తర్వాత ఇంకో కన్ను మూసి చూస్తే వేలు పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. వేలు దగ్గరికి తెస్తే ఎక్కువ జరుగుతుంది, దూరం పెడితే తక్కువ. రేంజ్‌ఫైండర్ చేసేది ఇదే. కెమెరా ముందువైపు రెండు కిటికీలుంటాయి, ఒకటి కంటికి ఎదురుగా, రెండోది కొంచెం ఎడంగా. రెండో కిటికీ లోంచి వచ్చే బొమ్మ వ్యూఫైండర్ మధ్యలో ఒక చిన్న చదరంలో మసగ్గా కనిపిస్తుంది. లెన్స్ తిప్పుతుంటే దాని వెనక ఉన్న చిన్న చేయి కదిలి ఆ బొమ్మని పక్కకి జరుపుతుంది, రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి కలిసినచోట ఫోకస్ కుదిరినట్టు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఆ చదరంలో కనిపించేది లెన్స్ వేసిన బొమ్మ కాదు. కెమెరాలో ఒక కొలత జరుగుతోంది, ఆ కొలత నమ్మి ఫోటో తీస్తున్నారు, అంతే.

డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ వెనక 45 డిగ్రీల కోణంలో ఒక అద్దం ఉంటుంది, లెన్స్ లోంచి వచ్చిన వెలుతురు దానికి తగిలి పైకి వెళ్ళి ఒక స్క్రీన్ మీద పడుతుంది, పైన ఉన్న పెంటాప్రిజం ఆ బొమ్మని సరిగ్గా తిప్పి కంటికి పంపిస్తుంది. అద్దంలో కొంత భాగం వెలుతురుని లోపలికి వదిలేస్తుంది, అది వెనకున్న ఇంకో చిన్న అద్దానికి తగిలి కిందకి వెళ్ళి ఆటోఫోకస్ సెన్సార్ మీద పడుతుంది. షట్టర్ నొక్కగానే ఈ అద్దాలు పైకి లేస్తాయి, ఫోటో పడుతుంది, అద్దాలు మళ్ళీ కిందకి దిగుతాయి. అంటే ఫోటో పడే ఆ క్షణంలో, సరిగ్గా ఆ క్షణంలోనే, ఫోటోగ్రాఫర్‌కి ఏమీ కనపడదు. రేంజ్‌ఫైండర్‌లో అద్దమే లేదు కాబట్టి మనిషి కళ్ళు మూశాడో తెరిచాడో ఆ క్షణంలో కూడా తెలిసిపోతుంది. ఈ చీకటి లేకుండా చెయ్యాలని కానన్ 1965లో పెలిక్స్ అనే కెమెరాలో కదలని, సగం వెలుతురు వదిలే అద్దం పెట్టింది గానీ, దానివల్ల ఫిల్మ్‌కీ కంటికీ వెళ్ళే వెలుతురు తగ్గిపోయింది, ఆ పద్ధతి మామూలు కెమెరాల్లో నిలవలేదు.

ఫోకస్ ఎవరిది కచ్చితం

దీనికి ఒకే జవాబు లేదు, లెన్స్‌ని బట్టి జవాబు మారిపోతుంది. రేంజ్‌ఫైండర్ కచ్చితత్వం రెండు కిటికీల మధ్య దూరాన్ని, వ్యూఫైండర్ బొమ్మని ఎంత పెద్దగా చూపిస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. 1954లో వచ్చిన లైకా ఎం3లో కిటికీల మధ్య దూరం సుమారు 68 ఎం.ఎం., మాగ్నిఫికేషన్ 0.91, రెండూ గుణిస్తే పనికొచ్చే పొడవు 62 ఎం.ఎం. వస్తుంది. తర్వాత వచ్చిన చాలా ఎం బాడీల్లో మాగ్నిఫికేషన్ 0.72, అక్కడ ఇది 50 దగ్గరికి పడిపోతుంది. దానికి బదులు వెడల్పు లెన్సుల గీతలు వ్యూఫైండర్‌లో పట్టాయి.

ఈ పొడవు లెన్స్ మారిస్తే మారదు. 28 ఎం.ఎం. పెట్టినా 90 పెట్టినా కొలిచే కచ్చితత్వం అంతే. ఎస్ఎల్ఆర్‌లో (ఇలాగే అద్దంతో పనిచేసే కెమెరా, దాని డిజిటల్ రూపమే డీఎస్ఎల్ఆర్) అలా కాదు, లెన్స్ ఎంత పొడవైతే స్క్రీన్ మీద బొమ్మ అంత పెద్దదవుతుంది, ఫోకస్ తప్పితే అంత తేలిగ్గా పట్టుబడుతుంది. అందుకే చేత్తో ఫోకస్ చేసేటప్పుడు వెడల్పు లెన్సులకి రేంజ్‌ఫైండర్ మెరుగు, 90 దాటాక ఎస్ఎల్ఆర్ మెరుగు. మాన్యువల్ లెన్సులు వాడదామనుకునే వాళ్ళు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. డీఎస్ఎల్ఆర్‌లలో వచ్చే స్క్రీన్లు కెమెరాతో పాటు వచ్చే కిట్ జూమ్‌ల లాంటి తక్కువ వెలుతురు లెన్సులతో కూడా బొమ్మ ప్రకాశంగా కనిపించేలా చేసినవి, వాటి మీద ఎఫ్1.4 పెట్టినా కంటికి కనిపించే డెప్త్ (ఫోకస్‌లో ఉండే మందం) ఎఫ్2.8 దగ్గర ఉన్నట్టే ఉంటుంది. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం అంత పెద్దది, ఆ మందం అంత తక్కువ. తీసేవాళ్ళ కంటికి అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, ఫోటోలో చూస్తే ఎదుటి మనిషి చెవి ఫోకస్‌లో ఉంటుంది, కన్ను మసక.

50 ఎం.ఎం. ఎఫ్1.4 లెన్స్‌తో ఒక మీటర్ దూరంలో మొహం తీస్తే ఫోకస్‌లో ఉండేది మొత్తం సుమారు 3 సెంటీమీటర్ల మందమే. అంత సన్నటి పొర మీద పని చేసేటప్పుడు కొలతలో చిన్న తేడా వచ్చినా ఫోటో పోతుంది, ఆ తేడా రెండు కెమెరాల్లోనూ వస్తుంది. రేంజ్‌ఫైండర్ ఒక దెబ్బ తగిలి లోపలి చేయి కొంచెం జరిగితే ప్రతి ఫోటోలోనూ ఫోకస్ ముందుకో వెనక్కో పోతుంది, వ్యూఫైండర్‌లో మాత్రం అంతా కుదిరినట్టే కనిపిస్తుంది. డీఎస్ఎల్ఆర్‌లోనూ ఆటోఫోకస్ సెన్సార్ వేరే చోట, కింద ఉంటుంది కాబట్టి ఆ దారికీ అసలు సెన్సార్ దారికీ పొడవు తేడా వస్తే ఇదే జబ్బు, కాకపోతే కొంచెం పెద్ద మోడల్స్‌లో లెన్స్ లెన్స్‌కీ సరిచేసుకునే మైక్రో అడ్జస్ట్‌మెంట్ మెనూలోనే ఉంటుంది, లేదంటే లైవ్ వ్యూలో పెట్టి, వెనక స్క్రీన్ మీద చూస్తూ తీసుకోవచ్చు. రేంజ్‌ఫైండర్ అయితే తెలిసిన మెకానిక్ దగ్గరికి పంపాల్సిందే, అలాంటి మెకానిక్‌లు ఇండియాలో ఎక్కడపడితే అక్కడ దొరకరు.

ఫ్రేమ్ బయట ఏముందో

రేంజ్‌ఫైండర్ వ్యూఫైండర్‌లో 50 లెన్స్ పెడితే ఆ ఫోటోలో పడే భాగం చుట్టూ తెల్ల గీతలు కనిపిస్తాయి, గీతల బయట లోకం కూడా కనిపిస్తూనే ఉంటుంది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో నిలబడి ఎవరో ఫ్రేమ్‌లోకి నడిచి వస్తుంటే ఆ మనిషి రాకముందే కనిపిస్తాడు, ఏ అడుగు దగ్గర నొక్కాలో నిర్ణయించుకునే టైం దొరుకుతుంది. డీఎస్ఎల్ఆర్‌లో ఫ్రేమ్ దాటి ఏమీ ఉండదు, మనిషి అంచు దగ్గర హఠాత్తుగా ప్రత్యక్షమవుతాడు. పైగా రేంజ్‌ఫైండర్ కిటికీ కెమెరా ఎడమ మూలలో ఉంటుంది కాబట్టి కుడి కంటితో చూసేవాళ్ళకి మొహం సగం బయటే ఉంటుంది, ఎదుటి మనిషికి ఫోటోగ్రాఫర్ కళ్ళు కనిపిస్తాయి. ఎడమ కంటితో చూసేవాళ్ళకి ఈ లాభం లేదు.

వీధి ఫోటోగ్రఫీ వాళ్ళు చాలాసార్లు అసలు ఫోకసే చెయ్యరు. 35 ఎం.ఎం. లెన్స్ ఎఫ్8లో పెట్టి దూరం 2.5 మీటర్లకి తిప్పేసుకుంటే సుమారు 1.7 మీటర్ల నుంచి 4.9 మీటర్ల దాకా అంతా చాలినంత షార్ప్‌గా వస్తుంది, మన ఎండలో ఎఫ్8 పెట్టడం పెద్ద కష్టం కాదు. లెన్స్ మీద దూరం, ఎపర్చర్ అంకెలు చెక్కి ఉంటాయి కాబట్టి కెమెరా కంటికి పెట్టకుండానే అంతా సిద్ధం చేసుకోవచ్చు. డీఎస్ఎల్ఆర్ ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటికి ఆ దూరం స్కేల్ ఉండదు, ఉన్నా చిన్నగా, తిప్పితే చటుక్కున జారిపోయేలా ఉంటుంది.

కష్టాలూ ఇక్కడే ఉన్నాయి. కిటికీ వేరు, లెన్స్ వేరు కాబట్టి దగ్గరి వస్తువులకి పారలాక్స్ వస్తుంది, అంటే కంటికి కనిపించేదీ ఫోటోలో పడేదీ కొంచెం తేడాగా ఉంటాయి, గీతలు దానికి తగ్గట్టు జరుగుతాయి గానీ పూర్తిగా సరిపోవు. చాలా ఎం లెన్సులు 0.7 మీటర్ల కంటే దగ్గర ఫోకస్ కావు, పాతవి కొన్ని మీటర్ దగ్గరే ఆగిపోతాయి, కాబట్టి పెళ్ళి ఉంగరం, పువ్వు లోపలి కేసరాలు తియ్యడం కుదరదు. పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టర్) పెడితే దాని ప్రభావం కంటికి కనిపించదు. 135 లెన్స్‌కి గీతలు మధ్యలో చిన్న పెట్టెలా ఉంటాయి, దాన్లో మనిషి మొహం కూర్చడం కష్టమైన పని. జూమ్ లెన్స్ అన్న మాట దాదాపు లేనట్టే. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి 0.72 బాడీల్లో 28 ఎం.ఎం. గీతలు ఒకేసారి పూర్తిగా కనిపించవు, కళ్ళని అటూ ఇటూ తిప్పి చూసుకోవాలి. డీఎస్ఎల్ఆర్‌లో పవర్ సరిచేసుకునే చిన్న చక్రం వ్యూఫైండర్ పక్కనే ఉంటుంది, ఎం రేంజ్‌ఫైండర్‌లకి పవర్ ఉన్న చిన్న గాజు విడిగా కొని బిగించాలి.

ఎస్ఎల్ఆర్ ఎలా గెలిచింది

1925లో లైప్‌జిగ్ సంతలో లైకా మొదటిసారి జనం ముందుకొచ్చినప్పుడు దాన్లో రేంజ్‌ఫైండర్ లేదు, దూరం కళ్ళతో అంచనా వెయ్యాలి లేదా విడిగా అమ్మే కొలత సాధనం పైన తగిలించుకోవాలి. లెన్స్‌తో కలిసి పనిచేసే రేంజ్‌ఫైండర్ 1932లో లైకా 2లో వచ్చింది, అదే ఏడాది జైస్ వాళ్ళ కాంటాక్స్ కూడా. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు చిన్న కెమెరా అంటే ఇదే. ఎస్ఎల్ఆర్ అప్పటికే ఉంది, 1936లో ఎగ్జాక్టా 35 ఎం.ఎం. ఫిల్మ్‌తో వచ్చింది, కానీ నడుము దగ్గర పట్టుకుని పైనుంచి తల వంచి చూడాలి, బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తుంది, ఫోటో తీశాక అద్దం పైనే ఉండిపోతుంది, మళ్ళీ ఫిల్మ్ తిప్పేదాకా చీకటే.

ఆ ఇబ్బందులు ఒక్కొక్కటే తీరుతూ వచ్చాయి. 1949లో కాంటాక్స్ ఎస్ పెంటాప్రిజంతో వచ్చింది, 1954లో అసాహిఫ్లెక్స్ 2లో అద్దం దానంతటదే కిందకి దిగడం మొదలైంది. అదే ఏడాది లైకా ఎం3 వచ్చింది, అది ఎంత బాగా కుదిరిందంటే జపాన్ కంపెనీలకి రేంజ్‌ఫైండర్‌లో దాన్ని దాటడం కష్టమని అర్థమై దృష్టి ఎస్ఎల్ఆర్ మీదకి మళ్ళించాయి. నికాన్ తన ఎస్‌పీ రేంజ్‌ఫైండర్ డిజైన్ మీదే అద్దం డబ్బా పెట్టి 1959లో నికాన్ ఎఫ్ తెచ్చింది. యుద్ధాలు, ఆటలు, పత్రికల పనికి పొడవు లెన్సులు కావాలి, అవి రేంజ్‌ఫైండర్‌లో కుదరవు, కాబట్టి పదేళ్ళలో ప్రొఫెషనల్ మార్కెట్ ఎస్ఎల్ఆర్ వైపు వెళ్ళిపోయింది. రేంజ్‌ఫైండర్ ఓడిపోయింది కొలతలో కాదు, లెన్సుల దగ్గర.

అద్దం తీసేస్తే లెన్స్‌కి ఏమవుతుంది

అద్దం తిరగడానికి చోటు కావాలి కాబట్టి లెన్స్ మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి సెన్సార్ దాకా దూరం నికాన్ ఎఫ్ మౌంట్‌లో 46.5 ఎం.ఎం., కానన్ ఈఎఫ్‌లో 44. లైకా ఎం మౌంట్‌లో 27.8. ఈ పదహారు పద్దెనిమిది మిల్లీమీటర్ల తేడా చాలా పెద్దది. 21, 28 లాంటి వెడల్పు లెన్స్ ఫిల్మ్‌కి దగ్గరగా కూర్చోగలిగితే చిన్నగా, ఫోటోలో నిటారు గీతలు వంకర పోకుండా చెయ్యొచ్చు. ఎస్ఎల్ఆర్‌లో అద్దం అడ్డం కాబట్టి రెట్రోఫోకస్ అనే డిజైన్ వాడాలి, ముందు పెద్ద గాజు, లోపల ఎక్కువ గాజులు, బరువు. నికాన్ ఎఫ్‌కి మొదట్లో వచ్చిన 21 ఎం.ఎం. లెన్స్ అయితే పాత పద్ధతి డిజైనే, దాన్ని పెట్టాలంటే అద్దాన్ని పైకి లేపి లాక్ చేసి, పైన వేరే వ్యూఫైండర్ తగిలించాల్సి వచ్చేది.

ఫిల్మ్ రోజుల్లో వరమైన ఆ దగ్గరితనం డిజిటల్‌లో సమస్య అయింది. ఫిల్మ్‌కి వెలుతురు ఏ కోణంలో వచ్చి పడినా పెద్దగా పట్టింపు లేదు, సెన్సార్‌కి ఉంది, అంచుల్లో ఏటవాలుగా వచ్చే వెలుతురు చిన్న చిన్న బావుల్లాంటి పిక్సెల్స్‌లోకి సరిగ్గా దిగదు, మూలలు నల్లబడతాయి, రంగు మారుతుంది. అందుకే ఎప్సన్ 2004లో తెచ్చిన ఆర్‌డీ1లో 6 మెగాపిక్సెల్స్ చిన్న సెన్సార్ పెట్టారు. 2006లో వచ్చిన లైకా ఎం8లోనూ సెన్సార్ పూర్తి సైజు కాదు, ఏటవాలు వెలుతురుకి ఇబ్బంది కాకుండా సెన్సార్ మీద ఇన్‌ఫ్రారెడ్ ఆపే గాజు బాగా పల్చగా పెట్టారు, దాని ఫలితం ఏంటంటే నల్లటి సింథటిక్ బట్టలు ఫోటోలో మెరూన్ రంగులో వచ్చాయి, కొన్నవాళ్ళకి కంపెనీ రెండు ఫిల్టర్లు ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది. పూర్తి సైజు సెన్సార్ 2009లో ఎం9తో గానీ కుదరలేదు, అప్పటికి కానన్ 5డీ వచ్చి నాలుగేళ్ళు.

ఏం తీస్తారన్నదే అసలు ప్రశ్న

తెలుగు రాష్ట్రాల్లో ఫోటోగ్రఫీతో బతికేవాళ్ళలో ఎక్కువమందికి అన్నం పెట్టేది పెళ్ళిళ్ళే, అక్కడ పని ఎలా ఉంటుందో చూస్తే డీఎస్ఎల్ఆర్ ఎందుకు పాతుకుపోయిందో తెలుస్తుంది. తెల్లవారుజామున ముహూర్తం, ఫంక్షన్ హాల్లో రకరకాల రంగుల లైట్లు, జీలకర్ర బెల్లం పెట్టే చేతులు క్లోజప్‌లో కావాలి, వెంటనే తలంబ్రాలు, అవి గాల్లో ఉండగా వరసగా పది ఫ్రేములు కావాలి, తర్వాత స్టేజీ మీద నలభై మంది గ్రూప్ ఫోటో ఫ్లాష్‌తో కావాలి. 24-70, 70-200 జూమ్‌లు, ఆటోఫోకస్, పైన ఫ్లాష్, వీడియో అన్నీ ఒక్క మనిషి చేతిలో ఉండాలి. రేంజ్‌ఫైండర్‌తో పెళ్ళి మొత్తం తియ్యడం అసాధ్యం అనలేం గానీ, తాళి కట్టే నిమిషం మళ్ళీ రాదు, ఆ రిస్క్ తీసుకోమని ఎవరికీ సలహా ఇవ్వలేం. వంటశాల, విడిదిలో కబుర్లు, అప్పగింతల కన్నీళ్ళు లాంటివి దగ్గరగా, చప్పుడు లేకుండా తియ్యడానికి రెండో కెమెరాగా మాత్రం అది చాలా మంచిది.

పక్షుల విషయంలో చర్చే లేదు. నేలపట్టు, ఉప్పలపాడు, కొల్లేరు దగ్గర ఆటపాక, ఎక్కడికెళ్ళినా 400, 600 ఎం.ఎం. లెన్స్ కావాలి, రేంజ్‌ఫైండర్‌కి అది అందదు. బ్యాటరీ కూడా కలిసొస్తుంది, నికాన్ డీ850 ఒక్క చార్జితో 1,840 ఫోటోలు తీస్తుందని రేటింగ్, అద్దం లోంచి చూడటానికి కరెంట్ అక్కర్లేదు కదా. అదే ఊళ్ళు తిరుగుతూ జాతరలు, సంతలు, రైల్వే స్టేషన్లు, మనుషుల జీవితం తీసేవాళ్ళకి ఒక బాడీ, 35 లెన్స్ చాలు, బరువు ఉండదు, ఎదుటివాళ్ళు బిగుసుకుపోరు. అలాంటి పనికి భారీ డీఎస్ఎల్ఆర్ మీద తెల్ల జూమ్ పెట్టుకుని వెళ్తే జనం ముందు కెమెరాని చూస్తారు, తర్వాత మనిషిని.

మిర్రర్‌లెస్ వచ్చి లెక్క మార్చింది

అద్దం లేదు, మౌంట్ దగ్గరగా ఉంటుంది, అయినా లెన్స్ వేసే బొమ్మే కంటికి కనిపిస్తుంది, అంటే మిర్రర్‌లెస్‌లో రెండు పక్షాల లాభాలూ చాలావరకు ఒకేచోట దొరికాయి. సోనీ ఏ7 2013లో, కానన్ ఈఓఎస్ ఆర్, నికాన్ జెడ్ 2018లో వచ్చాయి, 2020 నాటికి ప్రపంచవ్యాప్తంగా మిర్రర్‌లెస్ అమ్మకాలు డీఎస్ఎల్ఆర్‌ని దాటేశాయి. లైకా ఎం లెన్సుల్ని అడాప్టర్‌తో వీటి మీద పెట్టుకోవచ్చు, డీఎస్ఎల్ఆర్ మీద పెట్టలేం, అక్కడ మౌంట్ దూరం ఎక్కువ కాబట్టి ఇన్ఫినిటీ దాకా, అంటే బాగా దూరంగా ఉన్నవాటి దాకా ఫోకస్ రాదు. కాకపోతే కొన్ని వెడల్పు ఎం లెన్సులు సోనీ సెన్సార్ ముందున్న మందపాటి గాజు వల్ల మూలల్లో అలుక్కుపోయినట్టు వస్తాయి.

మిర్రర్‌లెస్‌లో కూడా చూసేది ఒక స్క్రీన్, ఫ్రేమ్ బయట ఏముందో కనపడదు. రేంజ్‌ఫైండర్‌కి మిగిలిన ప్రత్యేకత ఇదొక్కటే, కానీ ఆ ఒక్కటి కావాలనుకునే వాళ్ళకి ఇంకోచోట దొరకదు. ఫుజీ ఎక్స్‌ప్రో, ఎక్స్100లలో ఉన్న ఆప్టికల్ వ్యూఫైండర్ ఈ అనుభవాన్ని కొంతవరకు ఇస్తుంది, ఫోకస్ మాత్రం రేంజ్‌ఫైండర్ మెకానిజంతో కాదు.

డబ్బు, సెకండ్ హ్యాండ్

లైకా ఎం11 2022లో బాడీ ఒక్కటే 8,995 డాలర్లకి వచ్చింది, లెన్స్ వేరే. మరోపక్క నికాన్ డీ750, కానన్ 6డీ లాంటి పూర్తి సైజు సెన్సార్ డీఎస్ఎల్ఆర్‌లు మిర్రర్‌లెస్‌కి మారిపోయిన ఫోటోగ్రాఫర్ల దగ్గర్నుంచి పెద్ద సంఖ్యలో మార్కెట్‌లోకి వస్తున్నాయి, వాటితో పాటు లెన్సులూ. ఇప్పుడు తక్కువ డబ్బుతో నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి అవకాశం ఇంతకుముందు లేదు. కొత్త మోడల్ రాదన్నంత మాత్రాన ఉన్న కెమెరా ఫోటో తియ్యడం ఆపదు, ఆలోచించాల్సింది రిపేర్ విడిభాగాల గురించి. షట్టర్ కౌంట్ (షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు పడిందన్న లెక్క) అడగాలి, డీ750కి కంపెనీ రేటింగ్ 1,50,000 సార్లు. నికాన్‌లో డీ3000, డీ5000 వరస బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు, చవగ్గా దొరికే, సొంత మోటార్ లేని పాత ఏఎఫ్‌డీ లెన్సులు వాటి మీద ఆటోఫోకస్ కావు, ఇది తెలియక కొనేవాళ్ళు చాలామంది.

రేంజ్‌ఫైండర్ మీద మనసుంటే లైకా కొనేముందు పాత ఫిల్మ్ కెమెరాతో రెండు మూడు రోల్స్ తియ్యడం మేలు. యాషికా ఎలక్ట్రో 35లో 45 ఎం.ఎం. ఎఫ్1.7 లెన్స్ ఉంటుంది, దాని పాత మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు రాదు, అడాప్టర్ కావాలి. సోవియట్ జోర్కీ 4 తీసుకుంటే షట్టర్ స్పీడ్ ఎప్పుడూ ఫిల్మ్ తిప్పాకే మార్చాలి, ముందే మారిస్తే లోపల పాడవుతుంది. గుడ్డ షట్టర్ ఉన్న కెమెరా ఏదైనా సరే మూత తీసి లెన్స్‌ని సూర్యుడి వైపు పెట్టి వదిలేస్తే గుడ్డకి రంధ్రం పడుతుంది, అడ్డం ఉండటానికి అద్దం లేదు కాబట్టి ఎస్ఎల్ఆర్ కంటే ఇక్కడ ప్రమాదం చాలా ఎక్కువ, వేసవిలో మరీ జాగ్రత్తగా ఉండాలి. లెన్స్ లోపలికి టార్చ్ వేసి సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో చూడాలి, విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో ఉన్న లెన్సులకి ఇది తొందరగా పడుతుంది.

ఇక రేంజ్‌ఫైండర్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి రాత్రి చంద్రుడు చాలు. లెన్స్ ఇన్ఫినిటీకి తిప్పి మధ్య చదరంలో చంద్రుణ్ణి పెడితే ఒక్క చంద్రుడే కనిపించాలి. పక్కపక్కన ఇద్దరు కనిపిస్తే దూరం కొలత తప్పింది, ఒకరు పైన, ఒకరు కింద కనిపిస్తే నిలువు అమరిక పోయింది, ఏదైనా సరే రిపేర్ ఖర్చు ధరలో తగ్గించి బేరం ఆడాలి.